బిల్లుడు కర్ర

బిల్లుడు కర్ర పగిలితే ఇల్లంతా వినబడుతుంది. అంకుడు కర్రలా లోలోపల బీటలిచ్చి ఊరుకునే రకం కాదది. ఆ సోమవారం పొద్దున రత్నాలు గంజి వారుస్తుంటే షెడ్డులోంచి టప్పుమని చప్పుడొచ్చింది. కాసేపటికి ఇంకొకటి. మూడోది విన్నాక ఆమె గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, ‘అయింది పెళ్ళి’ అనుకుంది. అనుకుందే గాని లేవలేదు. లేచి చూస్తే, తను చెప్పిందే నిజమైందని మరిది మొహం మీద అనాలనిపిస్తుంది. అంటే ఇక ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

షెడ్డులో మరిది యర్రయ్య ఎవరినో తిడుతున్నాడు. నిన్నంతా కూర్చుని సోకుగా తీసి, వరసగా నిలబెట్టిన ఆరు బాబిన్లలో నాలుగు తలనుంచి మొదలు దాకా నోళ్ళు తెరిచాయి. ఐదోదాని అంచు ఊడి కిందపడింది. ఆరోది చూడ్డానికి బాగానే ఉంది గాని, వేలితో తడిమితే వెంట్రుకంత గీత తగిలింది. శుక్రవారం సంతకి మిల్లు మనిషి అరకు వచ్చేది ఆ ఆరింటిని చూడడానికే. కిందెక్కడో గోనెసంచుల మిల్లు ఉంది. దారం చుట్టుకోవడానికి వాళ్ళకి నెలనెలా బాబిన్లు కావాలి. ఏ కర్రతో పడితే ఆ కర్రతో చేస్తే మిషను వేగానికి వారంలో అరిగి పీచు లేస్తాయి. బిల్లుడు అరగదు, పీచు లేవదు, చెక్కినకొద్దీ పచ్చగా పట్టుబట్టలా మెరుస్తుంది. ఆ ఆరూ నచ్చితే ఇంటికి ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే తరిమెన అమ్ముకుని స్టేషను దగ్గర బస్తాలు మోసుకోవడమే.

తరిమెన అంటే పెద్ద యంత్రమేమీ కాదు. రెండు గుంజల మధ్య ఇనుప మొనలకు కర్రముక్కని బిగించి, దాని నడుముకి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే, గిర్రున తిరిగే కర్ర మీద ఇంకొకరు ఉలి ఆనించి గుండ్రంగా తీస్తారు. లాగేది ఆడవాళ్ళు, ఉలి పట్టేది మగవాళ్ళు. దసరానాడు ఉలులకు పూజ చేసినా ఆడది ఆమడ దూరాన నిలబడి దండం పెట్టుకోవాలి. పద్నాలుగేళ్ళుగా రత్నాలు తాడు లాగుతోంది. కర్ర గట్టిదో మెత్తదో, పచ్చిదో ఆరిందో, ఉలి మొద్దుబారిందో ఆమె భుజాలకి తెలిసినంత త్వరగా మొగుడి చేతికి కూడా తెలియదు. తెలిసి ఏం లాభం, అడిగేవాడుంటే గదా.

మొగుడు సింహాచలం గడపలో కూర్చుని తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు. బిల్లుడు పొట్టు కొందరి ఒంటికి పడదు. అతని వేళ్ళ సందుల్లో దురదగా మొదలై, బొబ్బలై, బొబ్బలు చితికి, అరచేతులు రెండూ ఉడికిన కందగడ్డల్లా తయారయ్యాయి. రత్నాలు పూసిన వేపాకూ పసుపూ ఎండి పెచ్చులు కట్టాయి. ఉలి పట్టే మాట దేవుడెరుగు, అన్నం కూడా ఆమే కలిపి పెడుతోంది. అందుకే సాలూరు దగ్గరున్న తమ్ముణ్ణి పిలిపించాడు. రత్నాలు ఉలి పట్టగలదని అతనికి తెలియక కాదు. పోయిన వానల్లో చలిజ్వరమొచ్చి చేతులు వణికిన నెలంతా, సంతకెళ్ళిన పప్పుగుత్తులన్నీ తలుపేసుకుని ఆమె తీసినవే. తాడు లాగింది అతనే. అయితే పప్పుగుత్తి వేరు, మిల్లు పని వేరు. నలుగురూ చూస్తారు.

గొడవ యర్రయ్య వచ్చిన రోజే పుట్టింది. అడవిలో నరుకుడుకిచ్చిన కూపులోంచి కొండ మనిషి బుధు మోసుకొచ్చిన కర్రముక్కలు పన్నెండు. ఒక్కోదానికీ రెండు కొసలా పేడా బంకమట్టీ కలిపి మందంగా మెత్తి ఉంది. బిల్లుడుకి పొట్టలో తడి ఉండి కొసలు ఆరిపోతే చాలు, చీలిపోతుంది. కొసలు మూస్తే మెల్లగా, ఒళ్ళంతా ఒక్కలా ఆరుతుంది. యర్రయ్య ఆ పేడ చూసి ముక్కు మూసుకుని, ఎనిమిది ముక్కలకి శుభ్రంగా గీకేసి, రేకుల కప్పు మీద ఎండకి పేర్చాడు. ఫాల్గుణ మాసం, రాత్రి ఎముకలు కొరికే చలి, పగలు మాడు పగిలే ఎండ.

“ఎండకెడితే పగిలిపోద్ది మరిదీ. నీడనే ఆరాల. ఆ మట్టి మనం ముట్టకూడదు” అంది రత్నాలు.

“మా ఊళ్ళో అంకుడు కర్ర నాల్రోజులెండితే అప్పడంలాగ ఆరిపోద్ది. నాకు సెప్పొచ్చీసినావా? తాడు లాగే మనిసివి, తాడు లాగు వదినా.”

ఆమె తాడే లాగింది. మిగిలిన నాలుగు ముక్కల్ని మాత్రం, సగం ఒళ్ళుమంటతో సగం ఎందుకైనా మంచిదని, మట్టి మట్టిగానే తీసుకెళ్ళి నీళ్ళకుండలు పెట్టే దిమ్మ కింద చల్లట్లో దూర్చేసింది. యర్రయ్యకి ముక్కలు లెక్కపెట్టుకునే బుద్ధి ఉంటే ఇంత కథ ఎందుకు?

గణపతిరావు ఎనిమిదింటికి వచ్చాడు. కిందనుంచి వచ్చి కిరాణా కొట్టు పెట్టి, కొట్టు మీద కూపు కాంట్రాక్టు పెట్టి, మనిషి అడ్డంగా పెరిగాడు. మిల్లు వాళ్ళని పట్టింది అతనే. పగిలిన బాబిను ఒకటి చేతిలోకి తీసుకుని, పగులులో గోరు పెట్టి చూశాడు.

“ఏట్రా ఇది?”

“కర్ర పచ్చిది బాబూ” అన్నాడు యర్రయ్య, కళ్ళార్పకుండా. “ఎండిన సెట్టని సెప్పి పచ్చిసెట్టు నరికి తెచ్చేసినాడు ఆ కొండోడు. నానేటి సేత్తాను?”

ఆడలేక మద్దెల ఓడన్నదట ఒకతె. రత్నాలు తలుపు పక్కన నిలబడి మరిది నోటివైపే చూసింది. ఆ నోరు అబద్ధాన్ని తమలపాకు నమిలినంత సుఖంగా నమిలింది.

తలరాత కాకపోతే బుధు ఆ పొద్దునే రావాలా? ఉప్పూ కిరసనాయిలూ పట్టుకెళ్దామని కొండ దిగి, గొడ్డలి భుజానేసుకుని, నవ్వు మొహంతో షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు. గణపతిరావు మాటా మంతీ లేకుండా అతని భుజం మీది గొడ్డలి లాక్కున్నాడు.

“పచ్చికర్ర తెచ్చి నా పరువు తీత్తావా? మంచి కర్ర తెచ్చినాకే గొడ్డలి. అందాకా స్టేషను కాడ నా బస్తాలు మొయ్యి. పారిపోయినావంటే దొంగకర్ర కొట్టినావని పారెస్టు గార్డుకి అప్పజెప్పీసి జైల్లో తోయించెత్తాను.”

బుధుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నెమ్మదిగా అన్నాడు.

“గొడ్డలి నేకండా కర్ర ఎలగ తెత్తాను సావుకారూ?”

“అది నీ యవ్వారం.”

గణపతిరావు నవ్వాడు. యర్రయ్య కూడా నవ్వాడు. బుధు ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి చివరికి రత్నాలు దగ్గర ఆగాడు. రెండేళ్ళుగా ఆ ఇంటికి కర్ర తెస్తున్నాడు. ఆ కొసలకి మట్టి మెత్తడం, నీడన ఆరబెట్టడం ఆమెకి నేర్పింది అతనే. రత్నాలు దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా నిలబడి, కాలి బొటనవేలితో నేల మీది పొట్టు పక్కకి నెట్టింది.

వాళ్ళంతా పోయాక మొగుడి దగ్గరికెళ్ళింది.

“సెప్పీమంటావా?”

“ఏటి సెప్తావే? నా తమ్ముడు సెడగొట్టినాడనా?” సింహాచలం గొంతు తగ్గించాడు. “ఆడు అలిగి ఎల్లిపోతే ఉలి ఎవులు పడతారు? తరిమెనలో ఆడికీ సగం ఉంది. పట్టుకుపోతానంటే ఏటి తింటావు?”

“మరి బుధు ఏటి తింటాడు?”

“ఆడికి కొండుంది. మనకేటుంది?”

ఆ మాటకి రత్నాలుకి ఒళ్ళు మండింది. మండినా, అందులో కాస్త ఊరట కూడా దొరికింది. మొగుడు వద్దన్నాడు, ఇక తన చేతిలో ఏముంది అనుకుంది. తప్పు పంచుకోవడానికి ఇంకొకరు దొరికితే మనిషికి ఎంత తేలికో.

* * *

మంగళవారం, బుధవారం బుధు బస్తాలు మోశాడు. స్టేషను నుంచి కొట్టుదాకా ఫర్లాంగు దూరం, మధ్యలో రత్నాలు ఇల్లు. కొండ మీద నిటారు దారిలో మూడు మణుగుల కర్ర భుజాన పెట్టుకుని నడిచే మనిషి, చదును రోడ్డు మీద ఉప్పు బస్తా వీపునేసుకుని వంగి వంగి నడిచాడు. గూడెం వాళ్ళు ఎవరైనా ఎదురైతే మొహం బస్తా చాటుకి తిప్పుకునేవాడు. కూలి అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. పొద్దుగూకాక కొట్టు అరుగు మీదే పడుకునేవాడు. గొడ్డలి లేకుండా ఇంటికెళ్ళి పెళ్ళానికి ఏమని చెప్తాడు?

బుధవారం మధ్యాహ్నం మంచినీళ్ళకని గుమ్మం ముందు ఆగాడు. రత్నాలు చెంబుతో పోసింది. దోసిలి పట్టి తాగి, మెడ మీద ఉప్పు కోసిన చోట తడి చెయ్యి రాసుకున్నాడు.

“కర్రేటయ్యిందమ్మా?” అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. “పోయినేడు ఈ దినాలకే సెట్టు సుట్టూ బెరడు కోసీసి నిలబెట్టీసినాను. నిలువునా ఏడాది ఎండినాకే నరికినాను. అది పచ్చి ఎలగవుద్ది?”

“నాకేటి తెలుసు బుధూ. నాను తాడు లాగేదాన్ని.”

నోటినుంచి వచ్చాక ఆ మాట ఎవరిదో ఆమెకి గుర్తొచ్చింది. యర్రయ్య విసిరినప్పుడు చెంపదెబ్బలా తగిలిన మాటని తనే తీసి కప్పుకుంది. సిగ్గేసింది. బుధు తలూపి, బస్తా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

గురువారం యర్రయ్య ఎండబెట్టిన ముక్కల్లో మిగిలిన రెండూ పట్టాడు. మొదటిది తరిమెన మీదుండగానే విచ్చుకుని పెచ్చు లేచి అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది. రెండోదానికి ఉలి ఆనించేసరికి పొగ వాసన వచ్చింది. గట్టి కర్ర మీద ఉలి నొక్కితే కాలుతుంది. పదునుపెట్టి, తేలిగ్గా ఆనించి, కర్రనే ఉలి దగ్గరికి రానివ్వాలి. యర్రయ్య పళ్ళు బిగించి ఇంకా నొక్కాడు. ఒక కొస ఇంకా చెక్కకముందే అదీ చీలింది.

“తాడు కుదురుగా లాగితే కదా!” అని ఉలి నేలకేసి కొట్టి వదిన మీద అరిచాడు. “ఒకపాలి గట్టిగా, ఒకపాలి మెత్తగా లాగతావు. నీ సేతి వంకర వల్లే ఇదంతా!”

మొదట కర్ర తప్పు, తర్వాత బుధు తప్పు, ఇప్పుడు తాడు తప్పు. సింహాచలం గడపలో కూర్చుని అంతా విన్నాడు. రత్నాలు తాడు చుట్టి గుంజకి తగిలించి, బియ్యం ఏరుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఏరిన రాళ్ళకంటే పారేసిన బియ్యమే ఎక్కువ.

* * *

శుక్రవారం పాసింజరులో మిల్లు మనిషి లక్ష్మణరావు దిగాడు. సన్నగా, తెల్లచొక్కా, జేబులో మందం కొలిచే ఇత్తడి కాలిపరు. సంత జనం దారిపొడుగునా కూర్చున్నారు. పసుపు, చింతపండు, పిప్పళ్ళ బుట్టల మధ్యనుంచి గణపతిరావు అతన్ని నడిపించుకుంటూ షెడ్డుకి తీసుకొచ్చాడు. వెనకాల ఓ పాతికమంది తోడయ్యారు. బుధుని కూడా రెక్క పట్టించి రప్పించాడు, గొడ్డలి తన చేతిలోనే ఉంచుకున్నాడు.

లక్ష్మణరావు పగిలిన బాబిన్లు తిప్పి తిప్పి చూశాడు. కొలవనైనా కొలవలేదు.

“ఇది కర్ర లోపమా, పనివాడి లోపమా?”

“కర్ర లోపమేనండి” అన్నాడు గణపతిరావు. “వీడేనండి పచ్చికర్ర అంటగట్టిన దొంగ. ఇప్పుడే గార్డుకి కబురెట్టాను.”

“మీ తగాదాలు నాకెందుకండీ. ఇక్కడి బిల్లుడు పనికిరాదని రాసేస్తాను. మేము వేరే చోట చూసుకుంటాం.” లక్ష్మణరావు గడియారం చూసుకుని వెనక్కి తిరిగాడు.

అప్పుడు కదిలింది రత్నాలు. ఇంట్లోకెళ్ళి కుండలు ఒకటొకటే దించి, దిమ్మ కింద చెయ్యి పెట్టి, నాలుగు ముక్కలూ ఒళ్ళోకి లాక్కుని వచ్చి షెడ్డు మధ్యలో దబ్బున పడేసింది. ఒకటి తీసుకుని కొస మీది ఎండిన మట్టిని గోళ్ళతో పెళ్ళగించింది. కింద కర్ర వెన్నముద్దలా ఉంది. పగులు లేదు, బీట లేదు.

“ఇదీ బుధు కర్రే బాబూ. అదే సెట్టు, అదే రోజు తెచ్చినాడు. నీడనుంటే పగల్నేదు. ఎండకెట్టి పగలగొట్టింది మా మరిది.”

“ఏటి కూత్తన్నావే!” యర్రయ్య లేచాడు. “అదెక్కడి కర్రో, ఇదెక్కడి కర్రో!”

“గొడ్డలి ఇలగివ్వండి బాబూ” అని ఆమె గణపతిరావు ముందు చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు గాని, లక్ష్మణరావు ఆగి ఇటు తిరిగేసరికి దాచుకోనూ లేకపోయాడు. గొడ్డలి అంచున గోధుమగింజంత సొట్ట ఉంది. ఆ సొట్టతో కొట్టిన ప్రతి దెబ్బకీ కర్ర మీద సన్నటి గట్టు మిగులుతుంది. ఆమె చేతిలోని ముక్క కొస మీద ఆ గట్టు ఉంది. నిన్న యర్రయ్య చీల్చి మూల పడేసిన ముక్కలో చెక్కని కొస మీదా ఉంది. లక్ష్మణరావు రెండూ పక్కపక్కన పెట్టి వేలితో రాసి చూశాడు.

“ఒకటే గొడ్డలి, ఒకటే రంగు. సరే, దీంతో ఒకటి తీసి చూపించండి. మధ్యాహ్నం బండి దాకా టైముంది.”

యర్రయ్య ఉలి ముట్టుకోలేదు. “ఆడదాని మాట మీద నాను పని సెయ్యను” అని ఉమ్మేసి సంతలోకి నడిచాడు. సింహాచలం వాచిన చేతులతో లేచి నిలబడ్డాడు, తమ్ముణ్ణి పిలవబోయి ఊరుకున్నాడు. రత్నాలు చెంగు బిగించి, ఇన్నేళ్ళూ మొగుడు కూర్చున్న పీట మీద కూర్చుంది. జనంలో ఎవరో ఇస్సిస్సన్నారు. ఆమె చేతులు తమంతట తామే కర్రని మొనలకి బిగించి ఉలి అందుకున్నాయి, వాటికి వేరే బుద్ధి ఉన్నట్టు.

“ఒరే, తాడు పట్రా” అన్నాడు గణపతిరావు బుధుని చూసి. బుధు కూర్చుని తాడు అందుకున్నాడు.

“బలం ఎట్టకు. అటెంతో ఇటంతే” అంది రత్నాలు. పద్నాలుగేళ్ళలో తనకెవరూ చెప్పని మాట అది. “నావైపు తిరిగినప్పుడే ఉలి కోత్తాది. నాను ఊఁ అంటే ఆపు.”

మొదటి నాలుగు లాగులు తూలాయి. ఐదోదానికి కుదిరింది. గరుకు పోయింది, పొట్టు మారింది, దారాల్లా పచ్చగా లేచి ఆమె మణికట్టు మీద పడింది. ఉలి నొక్కలేదు. కర్ర తనంతట తను వచ్చి ఉలికి తగిలి వెళ్ళేది. మధ్యలో రెండుసార్లు ఆపి పదునుపెట్టింది, ఒకసారి బరమాతో నిలువునా బెజ్జం వేసింది. ఎదుటి మనిషి లాగుడు ఎక్కడ బిగుస్తుందో ఎక్కడ వదులవుతుందో కర్రలోంచే తెలుస్తోంది ఆమెకి. రెండంచులూ తేలాక, ఆ పొట్టే గుప్పెడు తీసి తిరిగే బాబిను మీద అదిమింది. అంతే, ఏ రంగూ లక్కా లేకుండా కర్ర నిగనిగలాడింది.

లక్ష్మణరావు కాలిపరు పెట్టాడు. మెడ దగ్గర, అంచుల దగ్గర, బెజ్జం దగ్గర. ఇంకోసారి పెట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి విన్నాడు.

“ఇది మాకు పనికొస్తుంది” అన్నాడు.

జనం గొణుక్కున్నారు. గణపతిరావు మొహం చప్పున వెలిగింది, ఆమె ఉలి పడితేనేం, ఆమె మొగుడు పడితేనేం అన్న లెక్కకి ఎప్పుడో వచ్చేశాడు. గొడ్డలిని బుధు కాళ్ళ దగ్గర పడేశాడు. “తీసుకోరా. సోమారానికి యాభై ముక్కలు దింపాల” అన్నాడు.

బుధు తాడు వదిలి గొడ్డలి తీసుకున్నాడు. పిడి పొడుగునా చెయ్యి రాసి చూసుకున్నాడు. గణపతిరావు వైపు చూడనేలేదు. రత్నాలు లేచి దగ్గరికెళ్ళింది. “నాను సెప్పీసినాను కదా బుధూ” అంది.

“సెప్పినావు” అన్నాడు బుధు. “ఆర్డరు ఎల్లిపోతంటే నీకు నోరొచ్చింది. నా గొడ్డలి ఎల్లిపోయిన్నాడు రానేదు.”

అరవలేదు, తిట్టలేదు. పేడ ఎంత కలపాలి, మట్టి ఎంత కలపాలి అని ఒకప్పుడు చెప్పిన గొంతుతోనే చెప్పాడు. రత్నాలు అది కాదని అనబోయింది. లేచి కుండల దగ్గరికి నడిచినప్పుడు తన మనసులో ఉన్నది బుధా, మిల్లు పనా అని వెతుక్కుంది. ఆమెకే తేలలేదు.

“ఈ కొండ మీద బెరడు కోసి నిలబెట్టిన సెట్లు ఇంకా పదకొండున్నాయి” అన్నాడు బుధు. “ఎక్కడున్నాయో నాకు తెలుసు. నరకను. మీ ఇంటికి ఇంక కర్ర తేను.”

గొడ్డలి భుజానేసుకుని సంత మధ్యలోంచి నడిచి, పసుపు బుట్టల వాళ్ళు దారిస్తే దాటుకుని, రైలు కట్ట ఎక్కి అవతలికి దిగిపోయాడు. “ఎక్కడికి పోతాడండీ, ఉప్పయిపోతే ఆడే దిగుతాడు” అని గణపతిరావు నవ్వబోయాడు. తోడు నవ్వడానికి యర్రయ్య లేడు.

లక్ష్మణరావు చిన్న పుస్తకం తీసి పెన్ను మూత విప్పాడు. సింహాచలం వైపు కాకుండా నేరుగా ఆమె వైపే చూసి అడిగాడు.

“నెలాఖరుకి వంద ఇవ్వగలవా అమ్మా?”

రత్నాలు పీట పక్కన మిగిలిన మూడు ముక్కల్నీ చూసింది. గణపతిరావు ‘ఇస్తామను’ అని సైగ చేస్తున్నాడు. గడపలోంచి మొగుడూ అదే సైగ చేస్తున్నాడు.

“కర్ర నేదు బాబూ” అంది.